మనుషులు రాసిన పుస్తకం దేవుని మాట ఎలా అవుతుంది?

వందనాలు తమ్ముడూ. నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ: హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నావు. మీ రూమ్‌మేట్ ఒక వీడియో చూపించి, "మీ బైబిల్ మనుషులు రాసిందే కదా, అందులో లెక్కలు కూడా కలవవు, ఏ పుస్తకాలు ఉంచాలో ఒక చక్రవర్తి మీటింగ్ పెట్టి తేల్చాడు" అన్నాడు. ఊరికి పోయినప్పుడు చర్చిలో అడిగితే, "అలాంటివి చూడకు, ప్రార్థన చెయ్యి" అన్నారు. ప్రార్థన చేసినా అనుమానం పోలేదు, పైగా అనుమానించినందుకు టెన్షన్ పట్టుకుంది. బైబిల్ దేవుడిచ్చిందని నమ్మడం గుడ్డి నమ్మకమేనా అని అడిగావు.

నేను చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. వరంగల్, కాజీపేటల్లో యూత్ వాళ్లకు చాలా ఏళ్లుగా బైబిల్ స్టడీ చెబుతున్నాను. నేను నమ్మేవాణ్ణే, ఆ సంగతి దాచి తటస్థంగా ఉన్నట్టు మాట్లాడను. కానీ నమ్మేవాడు కూడా ఆధారాన్ని ఆధారంగానే చూడాలి.

మీ రూమ్‌మేట్ మొదటి మాటకు జవాబు ఒక్కటే: అవును, మనుషులే రాశారు. ఇది ఒప్పుకుంటే ఓడిపోయినట్టు మనవాళ్లు ఎందుకు భయపడతారో నాకు అర్థం కాదు. ఆ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది. దేవుడిచ్చిన పుస్తకమైతే అందులో మనిషి చెయ్యి కనబడకూడదని. మన చుట్టూ అలా నమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ ఊహ రావడం సహజమే. వేదం అపౌరుషేయం అంటారు, అంటే ఏ మనిషీ రచించింది కాదని. మండిబజార్‌లో ఏ ముస్లిం మిత్రుణ్ణి అడిగినా, ఖురాన్ మాటకు మాట పైనుంచి దిగింది, ప్రవక్త దాన్ని వినిపించాడు అంటాడు. ఇక దేవుడు మనిషి నోట మాట్లాడడం అనగానే మన ప్రాంతంలో కళ్లముందు కదిలేది పూనకం. మేడారంలోనో బోనాల్లోనో శివసత్తుల మీదికి అమ్మవారు వచ్చిందంటే ఆ మనిషికి తన సోయి ఉండదు. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. మనకు తెలియకుండానే ఈ చిత్రాల్లో ఏదో ఒకటి తెచ్చి బైబిల్‌కు తగిలిస్తున్నాం. తర్వాత అందులో మనిషి జాడ కనబడిన ప్రతిచోటా గాభరా పడుతున్నాం. బైబిల్ తన గురించి తాను అలా చెప్పుకోలేదు.

లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు తీసి చూడు. కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతుల్ని "మొదటనుండి తరచి పరిశోధించి" వరుసగా రాస్తున్నానంటాడు. తనకు దర్శనం వచ్చిందనడు, స్వరం విన్నాననడు. తనకంటే ముందు చాలామంది ఇలాంటివి రాశారని కూడా ఒప్పుకుంటాడు. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలును చూడు. కొరింథు వాళ్లకు రాస్తూ ఫలానావాళ్లకు బాప్తిస్మం ఇచ్చానంటాడు, తర్వాత స్తెఫను ఇంటివాళ్లు గుర్తొస్తారు, ఆపైన "మరి ఎవరికైనను బాప్తిస్మమిచ్చితినేమో నేనెరుగను" అంటాడు. లేఖనంలోనే రచయిత "నాకు గుర్తు లేదు" అంటున్నాడు! రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు రాసిన ఉత్తరం, పౌలుది, కానీ చేత్తో రాసిన తెర్తియు 16వ అధ్యాయంలో మధ్యలో దూరి తన వందనాలు తాను చెప్పుకుంటాడు. ప్రతి లేఖనం దైవావేశం వల్ల కలిగిందని మనం గోడలకు రాసుకునే మాట 2 తిమోతి 3:16లో ఉంది. ఒక్క పేజీ తిప్పితే అదే పత్రికలో పౌలు, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెచ్చిపెట్టు, పుస్తకాలు కూడా తే, చలికాలం రాకముందే రావడానికి ప్రయత్నం చెయ్యి అని అడుగుతున్నాడు. జైల్లో చలికి వణుకుతున్న ముసలాయన రాసిన ఉత్తరం అది.

మరి ఇందులో దేవుడి పని ఎక్కడ? నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది యిర్మీయా 36వ అధ్యాయం. దేవుడు ప్రవక్త యిర్మీయాతో మాట్లాడతాడు, యిర్మీయా చెబుతుంటే గుమాస్తా బారూకు సిరాతో చుట్టలో, అంటే చుట్టిపెట్టే పాతకాలపు పుస్తకంలో, రాస్తాడు. రాజైన యెహోయాకీము చలిమంట ముందు కూర్చుని, చదువుతున్న కొద్దీ ఆ చుట్టను చాకుతో కోసి మంటలో వేస్తాడు. తర్వాత యిర్మీయా, బారూకు మళ్లీ కూర్చుని ఇంకో చుట్ట రాస్తారు, ఈసారి అలాంటి మాటలు ఇంకా చాలా చేర్చారని ఆఖరి వచనం చెబుతుంది. సిరా ఉంది, గుమాస్తా ఉన్నాడు, తగలబడిన మొదటి ప్రతి ఉంది, పెరిగిన రెండో ప్రతి ఉంది. అయినా అది యెహోవా వాక్కే. దేవుడు, మనిషి ఇద్దరిలో ఒకరు పని చేస్తే రెండోవాళ్లు పక్కకు తప్పుకోవాలన్న లెక్క ఇక్కడ లేదు. యేసు కూడా 110వ కీర్తన గురించి మాట్లాడుతూ, "దావీదే పరిశుద్ధాత్మ వలన చెప్పెను" అన్నాడు, మార్కు 12:36. దావీదు చెప్పాడు, ఆత్మ వల్ల చెప్పాడు, రెండూ ఒకే వాక్యంలో. పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయం చివర కూడా ఇదే: మనుషులు పరిశుద్ధాత్మ వల్ల ప్రేరేపించబడి దేవుని మూలంగా పలికారు. పలికింది మనుషులే. పూనకంలో లాగా సోయి తప్పి కూడా కాదు. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలోనే ఉంటాయని పౌలు 1 కొరింథీయులు 14లో తేల్చి చెప్పాడు.

ఇది పట్టుకుంటే నువ్వు పంపిన "లెక్కలు కలవవు" జాబితాలో సగం దానంతటదే తేలిపోతుంది. సమాధి దగ్గర మత్తయి ఒక దూత అన్నాడు, లూకా ఇద్దరు మనుషులు అన్నాడు. ఒకే సంఘటన గురించి నలుగురు సాక్షుల మాటలు అచ్చుగుద్దినట్టు ఉంటే, ముందే కూడబలుక్కున్నారని ఏ జడ్జి అయినా అనుమానిస్తాడు.

కానీ అన్నీ అంత తేలిక కాదు. యూదా రాజు అహజ్యా వయసు సంగతి నిజంగానే తేడా. 2 రాజులు 8:26లో రాజయ్యేనాటికి అతనికి 22 ఏళ్లు. 2 దినవృత్తాంతములు 22:2లో 42. మనవాళ్లు కొందరు దీన్ని కలపడానికి కిందామీదా పడతారు, ఆ అవసరం లేదు. అంతకుముందు అధ్యాయం చదువు. వాళ్ల నాన్న యెహోరాము 32 ఏళ్లకు రాజై 8 ఏళ్లు ఏలి చనిపోయాడు, అంటే 40 ఏళ్లకు. తండ్రి 40కి పోతే వెంటనే గద్దెనెక్కిన చిన్న కొడుక్కి 42 ఎలా ఉంటాయి? ఎక్కడో నకలు రాసేవాడి చెయ్యి జారింది. కొన్ని ప్రాచీన అనువాదాల్లో అక్కడ కూడా 22 అనే ఉంది. ఆ 42ను మన తెలుగు బైబిల్ సర్దకుండా అలాగే ఉంచింది చూడు, నాకు అది నచ్చుతుంది.

ఇక్కడ క్రైస్తవుల్లోనే రెండు పక్షాలున్నాయి. మూలంలో రాసినప్పుడు ఏ తప్పూ లేదు, నకళ్లలోనే వచ్చాయి అనేది ఒకటి. 1978లో షికాగోలో ఇవాంజెలికల్ పండితులు చేసిన ప్రకటన అదే చెబుతుంది. దేవుణ్ణి గురించీ రక్షణను గురించీ బైబిల్ మనల్ని తప్పుదారి పట్టించదు, అంకెలూ వివరాలూ ఆ కాలపు పద్ధతిలో ఉండొచ్చు అనేది రెండోది. నేను మొదటి పక్షం. అయితే ఒక అంకె తేలకపోతే విశ్వాసమంతా కూలిపోయేలా నీకు నేర్పించి ఉంటే, ఆ నేర్పడంలో లోపం ఉంది.

నకళ్ల మాట వచ్చింది కాబట్టి, ఎంత మారిపోయి ఉంటుందో అన్న భయానికి గట్టి ఆధారాలతోనే జవాబు ఉంది. 1947లో మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో పాత చుట్టలు బయటపడ్డాయి. వాటిలో యెషయా గ్రంథం పూర్తి చుట్ట ఒకటి, క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నాటిది. అప్పటిదాకా మన దగ్గరున్న హెబ్రీ ప్రతులకంటే అది సుమారు వెయ్యేళ్లు పాతది. వెయ్యేళ్లు చేత్తో ఎక్కించుకుంటూ వచ్చినా గ్రంథం అదే గ్రంథం. తేడాల్లో ఎక్కువ భాగం అక్షరక్రమానికి సంబంధించినవి. కొన్ని చోట్ల మాటలే తేడా ఉన్నాయి, 53:11లో "వెలుగు" అనే మాట ఆ చుట్టలో అదనంగా ఉంది. కొత్త నిబంధనకు గ్రీకు ప్రతులే ఐదు వేలకు పైగా ఉన్నాయి, ముక్కలతో కలిపి. అన్ని ఉన్నాయి కాబట్టే తేడాలూ వేలల్లో కనబడతాయి, అన్ని ఉన్నాయి కాబట్టే ఏది ఎక్కడ మారిందో పట్టుకోవడమూ వీలవుతుంది. మార్కు 16లో 9వ వచనం నుంచి చివరిదాకా, యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ వృత్తాంతం, ఈ రెండు పెద్ద భాగాలు అతి పాత ప్రతుల్లో లేవు. ఇవి దాచిన రహస్యాలేమీ కావు, చాలా బైబిళ్లలో కిందనే నోట్ వేస్తారు. వీడియోవాళ్లు మాత్రం బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టి చెబుతారు.

చక్రవర్తి మీటింగ్ విషయం పచ్చి అబద్ధం. 325లో నీకయలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలిచిన సభ జరిగింది నిజమే, అది అరియస్ అనే ఆయన బోధ గురించి, అంటే కుమారుడు తండ్రితో సమానమా కాదా అని. ఏ పుస్తకాలు ఉండాలన్న తీర్మానం ఆ సభ చేయలేదు. సుమారు 180 నాటికే ఇరేనియస్ అనే బిషప్ నాలుగు సువార్తలు, నాలుగే అని వాదిస్తున్నాడు. మనకున్న 27 పుస్తకాల జాబితా సరిగ్గా అదే వరసతో కాకపోయినా అవే పేర్లతో 367లో బిషప్ అతనాసియస్ రాసిన పండుగ ఉత్తరంలో కనిపిస్తుంది. ఈ మధ్యలో హెబ్రీ పత్రిక, యాకోబు, 2 పేతురు, యూదా, ప్రకటన వంటివాటి గురించి సంఘాల మధ్య చర్చ నడిచింది, దాన్ని కూడా దాచకు. కాజీపేట ఫాతిమానగర్‌లో ఉండే నీ క్యాథలిక్ ఫ్రెండ్ బైబిల్లో 73 పుస్తకాలెందుకున్నాయని కూడా అడిగావు. ఆ తేడా పాత నిబంధనలోనే. తోబీతు, యూదితు, మక్కబీయులు మొదలైన ఏడు పుస్తకాలు హెబ్రీ జాబితాలో లేవు, గ్రీకు అనువాదంతో కలిసి వచ్చాయి. ప్రొటెస్టెంట్లు హెబ్రీ జాబితాను పట్టుకున్నారు, క్యాథలిక్ సంఘం 1546లో ట్రెంట్ సభలో వాటిని లేఖనంగా ఖరారు చేసింది. కొత్త నిబంధన ఇద్దరికీ అవే 27.

ఇప్పుడు అసలు చిక్కు. "బైబిల్ దేవుని మాట అని ఎలా తెలుసు? బైబిలే చెప్పింది కాబట్టి." మీ రూమ్‌మేట్ ఇది విని నవ్వాడన్నావు. నవ్వడంలో తప్పులేదు, అది గుండ్రంగా తిరిగే వాదన. నేను అక్కడినుంచి మొదలుపెట్టను. యేసు దగ్గర మొదలుపెడతాను.

కాసేపు ప్రేరణ మాట పక్కన పెట్టు. సువార్తల్నీ పౌలు ఉత్తరాల్నీ మామూలు పాతకాలపు పత్రాల్లాగే చదువు. నేను క్లాసులో శాసనాలు ఎలా చదివించేవాణ్ణో అలా. పొంతి పిలాతు కాలంలో యేసు మరణశిక్ష పొందాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు, ఆయనకు క్రైస్తవులంటే అసహ్యం. 55 ప్రాంతంలో, అంటే సంఘటన జరిగి పాతికేళ్లు తిరక్కముందే, పౌలు 1 కొరింథీయులు 15లో తనకు ముందువాళ్లు అప్పగించిన సాక్ష్యం వరుసగా చెబుతాడు: చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, లేచాడు, కేఫాకు (అంటే పేతురుకు), పన్నెండుమంది శిష్యులకు, ఒకేసారి ఐదువందల మందికి పైగా కనబడ్డాడు, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. పోయి అడగండి అన్నట్టే కదా! తర్వాత యేసు తమ్ముడు యాకోబుకు కనబడ్డాడంటాడు. యేసు బతికుండగా ఆయన తమ్ముళ్లు నమ్మలేదని యోహాను 7:5 ఒప్పుకుంటుంది. ఆ యాకోబే తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, అతన్ని రాళ్లతో కొట్టి చంపించిన సంగతి యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. సొంత అన్నను దేవుడని నమ్మడం ఎంత కష్టమో ఇంట్లో తమ్ముళ్లున్నవాళ్లకు తెలుసు. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లని నాలుగు సువార్తలూ చెబుతాయి, ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. కల్పించేవాడు అలా కల్పించడు. శిష్యులే వాళ్ల మాటల్ని వెర్రిమాటలు అనుకున్నారని లూకా దాచకుండా రాశాడు.

ఇదంతా కలిపి యేసు లేచాడని రుజువైందని నేను అనను. చనిపోయినవాడు లేవడం అసాధ్యమని ముందే తీర్మానించుకున్నవాడికి ఏ పత్రమూ చాలదు. కానీ అక్కడేదో జరిగింది, దాన్ని వేరే విధంగా వివరించడానికి చేసిన ప్రయత్నాలు నాకు బలహీనంగా కనిపించాయి. నేను ఆయన లేచాడని నమ్ముతాను. అలా నమ్మాక ఆయన లేఖనాన్ని ఎలా చూశాడన్నది నాకు ముఖ్యమవుతుంది. "లేఖనము నిరర్థకము కానేరదు" అన్నాడు. సాతాను శోధించిన మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే జవాబిచ్చాడు. సిలువ మీద కీర్తనల మాటలు పలికాడు. తన తర్వాత అపొస్తలులకు ఆత్మ సర్వసత్యంలోకి నడిపిస్తాడని మాటిచ్చాడు. కాబట్టి నేను బైబిల్‌ను నమ్మి యేసు దగ్గరికి రాలేదు, యేసును నమ్మి బైబిల్‌ను ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఇందులో నమ్మకం ఉంది, గుడ్డితనం లేదు.

చరిత్ర మాస్టర్‌గా ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మన వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఉంది కదా. అందులో ఆయన గెలిచిన రాజుల పేర్లు, ఆయన పరాక్రమం ఉంటాయి. ఏ రాజు శాసనమైనా అంతే. అష్షూరు రాజు సన్హెరీబు తన శాసనంలో యూదా రాజు హిజ్కియాను పంజరంలో పక్షిలాగా యెరూషలేములో మూసేశానని గొప్పలు రాయించుకున్నాడు, పట్నం పట్టుకోలేకపోయిన మాట మాత్రం ఎత్తలేదు. ఇప్పుడు 2 సమూయేలు 11, 12 చదువు. తమ మహారాజు సైనికుడి భార్యను తెప్పించుకుని, ఆ సైనికుణ్ణి యుద్ధంలో చంపించి, ప్రవక్త ముందు తలదించుకున్న కథను ఆ జనమే రాసి, భద్రపరిచి, తరతరాలుగా చదువుకున్నారు. నాకు తెలిసిన ఏ ఆస్థాన కవీ ఇలా రాయలేదు. ఇది దైవప్రేరణకు రుజువు కాదు, కానీ ఈ పుస్తకాన్ని నడిపించింది రాజుల దర్బారు మాత్రం కాదని నాకు అనిపిస్తుంది.

తవ్వకాల సంగతి మితంగా వాడు. హిజ్కియా తవ్వించిన సొరంగం యెరూషలేములో ఇప్పటికీ ఉంది, అందులోని శాసనం 1880లో దొరికింది. 1993లో తేల్ దానులో దొరికిన రాతిపలక మీద "దావీదు ఇల్లు" అని ఉంది. పిలాతు పేరున్న రాయి 1961లో కైసరయలో బయటపడింది. ఇవి ఆ మనుషులూ ఆ చోట్లూ కల్పితాలు కావని చూపిస్తాయి, అంతవరకే. సొరంగం దొరికితే సొరంగం నిజమని తేలుతుంది, దేవుడు మాట్లాడాడని తేలదు. అన్నట్టు, నాసా కంప్యూటర్లు యెహోషువ కాలంలో తప్పిపోయిన రోజును కనిపెట్టాయనీ, ఎర్రసముద్రం అడుగున ఫరో రథచక్రాలు దొరికాయనీ మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. మొదటిది కట్టుకథ, రెండోదాన్ని పురావస్తు పండితులు ఒప్పుకోలేదు. దయచేసి వీటిని మీ రూమ్‌మేట్‌కు ఫార్వర్డ్ చేయకు. అవి అబద్ధమని రెండు నిమిషాల్లో తెలుసుకుంటాడు, ఆ తర్వాత నువ్వు చెప్పే నిజాన్ని కూడా వినడు.

ఇంత చెప్పినా, నేను బైబిల్‌ను దేవుని మాటగా పట్టుకుని బతకడానికి చివరి కారణం వాదన కాదు. ఆత్మ లోపల ఇచ్చే సాక్ష్యం వల్లే ఆ నిశ్చయం కలుగుతుందని ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ 16వ శతాబ్దంలోనే రాశాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు, తిరిగి లేచిన యేసు లేఖనాలు విప్పి చెబుతుంటే మన గుండె మండలేదా అనుకున్నారు. మన పల్లెల్లో ఒక్క అక్షరం రాని ముసలమ్మలు కీర్తనలు కంఠతా చెప్పి, కొడుకు పోయిన ఇంట్లో కూడా వాటినే పట్టుకుని నిలబడడం నేను చూశాను. కుమ్రాను పేరు వాళ్లు వినలేదు. బయటివాడికి ఇది ఆధారం కాదు, మీ రూమ్‌మేట్ ముందు దీన్ని వాదనగా పెట్టకు. నీకు మాత్రం, చదివినకొద్దీ, తెలుస్తుంది. చదవకుండా తెలియదు. మన యూత్‌లో చాలామంది బైబిల్ గురించిన వీడియోలు గంటలకొద్దీ చూస్తారు, ఒక సువార్త మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా చదివి ఉండరు.

కాబట్టి ఆదికాండంతో మొదలుపెట్టకు, లూకాతో మొదలుపెట్టి అపొస్తలుల కార్యములలోకి వెళ్లు. రెండూ ఒకాయనే రాశాడు. పాత తెలుగు కష్టంగా ఉంటే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకో, కింద నోట్స్ ఉన్నదైతే మరీ మంచిది. మీ రూమ్‌మేట్ ఒప్పుకుంటే కలిసి చదవండి, వాణ్ణి అడ్డుప్రశ్నలు అడగనియ్యి. మీ పాస్టర్ గారి మీద కోపం పెట్టుకోకు. ఆయనకు జవాబు తెలియక అని ఉండొచ్చు, లేదా నువ్వు దూరమైపోతావన్న భయంతో అని ఉండొచ్చు. ఈసారి వెళ్లినప్పుడు మీటింగ్ అయ్యాక నలుగురిలో అడగకుండా ఇంటికి వెళ్లి ఒక్కడివే కూర్చుని అడిగి చూడు. ఇక చివర్లో కనాను యుద్ధాల గురించి అడిగావు కదా, దేవుడు అలా ఎందుకు ఆజ్ఞాపించాడని. అది వేరే ప్రశ్న, దీనికంటే కష్టమైంది, విడిగా అడుగు. ఆలోపు యెహోషువ గ్రంథం 1 నుంచి 11 అధ్యాయాలు, న్యాయాధిపతులు మొదటి అధ్యాయం పక్కపక్కన పెట్టి చదివి ఉంచు.